గోడవార లిల్లీలు

జనవరి 9, ఆదివారం

అమ్మకు,

నీ పెద్ద కూతురు దణ్ణాలు పెట్టి రాస్తున్నది. నేను కులాసా. నువ్వూ, నీ మోకాలూ కూడా కులాసా అని తలుస్తాను. ఎప్పటిలాగే ఈ ఉత్తరాన్ని ఓపిగ్గా చదివి వినిపిస్తున్న టీచరమ్మగారికి నా నమస్కారాలు. మన ఇంట్లో అక్షరం ముక్క వచ్చిన మొదటి మనిషిని నేనైతే, ఆ ముక్క పెట్టిన చెయ్యి ఆవిడది. అందుకే చిత్తు రాసుకుని, దిద్దుకుని, ఆ తర్వాతే సాపు రాస్తున్నాను. పంక్తి వంకర పోతే మీ ఇద్దరూ నవ్వుకోండి.

ఉద్యోగంలో కుదురుకున్నాను. జంతువుల ఆసుపత్రి అంటే నువ్వు గేదెలనుకున్నావని మామయ్య చెప్పాడు. ఇక్కడికి గేదెలు రావమ్మా. కుక్కలూ పిల్లులూ వస్తాయి, వాటి వెనకాల ఏడ్చుకుంటూ మనుషులొస్తారు. బల్ల మీద జంతువుని కదలకుండా పట్టుకోవడం, సూదీ దూదీ అందించడం, అది వెళ్ళాక బల్ల కడగడం నా పని. మొదటి రోజే కాంపౌండరు నాకు పాఠం చెప్పాడు. పిల్లిని మెడ వెనకాల పట్టుకోవాలట, దాన్ని తెచ్చినవాళ్ళని మాటలతో పట్టుకోవాలట, రెండోదే ఎక్కువ రక్కుతుందట. నిజమే.

పోయిన వారం ఒక పెద్దాయన తెల్లపిల్లిని తువ్వాల్లో చుట్టి తెచ్చాడు. తిండి లేదు, ఒకటే కక్కుతోంది, నీళ్ళ గిన్నె ముందు కూచుంటుంది కానీ తాగదు. డాక్టరమ్మ దాన్ని చూసి, ఇంట్లో ఏం పూలున్నాయండీ అని అడిగింది. ఆయనకి కోపమొచ్చింది. పిల్లికి బాగోలేదని వస్తే పూల గొడవ మీకెందుకు, మీరు డాక్టరా తోటమాలా అన్నాడు. ఆవిడ మళ్ళీ అదే అడిగింది. పెద్ద లిల్లీలున్నాయన్నాడు. బజార్లో మూరలెక్కన అమ్మే సన్న లిల్లీలు కావమ్మా. బాకాలాగా విచ్చుకుని, నడిమధ్య కాషాయరంగు పుప్పొడి ఉంటుందే, అవి. పిల్లి ఆ పూలని రాసుకుంటూ పోయింది, ఒంటికంటిన పుప్పొడిని నాకింది. అంతే, మూత్రపిండాలు పోయాయి. పువ్వే కాదు, ఆకు కొరికినా అంతేనట, ఆ పూలుంచిన నీళ్ళు తాగినా అంతేనట. కుక్కకి ఇంత ప్రమాదం లేదు, పిల్లికే. ఆ పిల్లి నా చేతుల్లోనే పోయింది. పెద్దాయన తువ్వాలు మడతపెట్టి ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు కూచున్నాడు. మనిషికొక అందం, పిల్లికి అదే చావు అనిపించింది.

ఇదంతా నీకెందుకు చెప్తున్నానంటే, నువ్వు పనిచేసే టీచరమ్మగారి తోటకి వీధిలోని పిల్లులన్నీ వస్తాయి. కుట్టుమెషిన్ అక్క పిల్లి ఎరువుగుట్ట మీదే కాపురం. పక్కింటి బ్యాంకాయన కుక్క గేటు సందులోంచి దూరుతుంది. నారు తవ్విపోస్తాయని టీచరమ్మగారికి వాటి మీద కోపం, అది న్యాయమే. ఆవిడ బడిలో గంట కొట్టాక ఈగ కూడా కదిలేది కాదు, తోటలో మాత్రం ఎవరూ మాట వినరాయె. కానీ మధ్యాహ్నం నీ టీలోకి తెచ్చుకున్న పాలల్లో సగం వాటికే పోస్తావని నాకు తెలుసు. టీచరమ్మగారూ, ఈ వాక్యం చదివి అమ్మని కోప్పడకండి.

మోకాలికి గుడ్డ కట్టుకో. తడిలో కూచోకు.

నీ కూతురు


ఏప్రిల్ 3, ఆదివారం

అమ్మకు,

దణ్ణాలు. టీచరమ్మగారికి నమస్కారాలు. శిక్షణ తరగతుల్లో పడి ఇన్నాళ్ళూ రాయలేకపోయాను, మన్నించు.

నీ తరఫున ఆవిడ రాసిన ఉత్తరం అందింది. "ఆరోగ్యరీత్యా సంతృప్తికరంగా ఉన్నాను" అని ఉంది అందులో. నువ్వలా అన్నావంటే నమ్మమంటావా? నొప్పి చచ్చింది పో అని ఉంటావు, ఆవిడ దాన్ని అలా ఇస్త్రీ చేసి ఉంటారు. చదివి బాగా నవ్వుకున్నాను. కాసేపే.

రెండో పేజీలో రెండు సంగతులున్నాయి. పక్కగోడ పొడుగునా పెద్ద లిల్లీలు వేశారని, మొగ్గలు విచ్చాయని ఒకటి. కుట్టుమెషిన్ అక్క పిల్లి చచ్చిపోయిందని ఇంకొకటి. వాటి మధ్య నీళ్ళ కుళాయి బాగుచేయించిన కబురుంది. ఒకదానికీ ఇంకోదానికీ సంబంధం లేనట్టు రాసి ఉంది.

అమ్మా, నా పోయిన ఉత్తరం విన్నావా? తెల్లపిల్లి సంగతి వచ్చేసరికి నీకు కునుకు పట్టిందేమో. టీచరమ్మగారైతే తప్పకుండా చదివారు. ఎప్పటిలాగే నా రాతలోని లోపాలు ఒక చీటీ మీద రాసి జతచేశారు. పిల్లి పేరా మరీ పొడుగైంది, రెండుగా విడగొట్టాల్సింది అన్నారు. చివర్లో "మనిషికొక అందం, పిల్లికి అదే చావు" అన్న వాక్యం బాగుందని కూడా మెచ్చుకున్నారు. ఆవిడ మెచ్చుకోవడం నాకు ఇదే మొదటిసారి. చదివి గుర్తుంచుకుని, మొక్కలు కొనే వేళకి మరిచిపోయి ఉంటారు. వయసు పైబడింది కదా. టీచరమ్మగారూ, నా మాటలో తప్పుంటే క్షమించండి.

అక్క పిల్లి మెషిన్ కింద గుడ్డపేలికల్లో దూరి రెండు రోజులు బయటికి రాలేదని, నీళ్ళు ముట్టలేదని రాశారు. అది లిల్లీయే అమ్మా. నేను కళ్ళారా చూసిన లక్షణాలు. ఆ మొక్కల్ని దుంపలతో సహా పీకించు. పూలు రాలకుండా ముందు సంచీలో కోసి, మూతి కట్టి, చెత్తబండి వాడికిచ్చెయ్. ఎరువుగుట్టలో మాత్రం వెయ్యకు.

అదే చేత్తో ఇంకొకటి చెప్పాలి. సైకస్ అని ఒక మొక్క ఉంటుంది, మరుగుజ్జు ఈతచెట్టులాగా ఉంటుంది. షోకుగా గేట్ల పక్కన కుండీల్లో పెడతారు. దాని నడినెత్తిన ఎర్రటి కాయలు కాస్తాయి. పోయిన నెలలో ఆ కాయలు కొరికిన కుక్క ఒకటి వచ్చింది. మొదట కక్కింది, మర్నాడు బాగానే ఉన్నట్టు తోక కూడా ఊపింది, ఆ తర్వాత కళ్ళు పచ్చబడ్డాయి. కాలేయం పోయింది. ఆ ఇంటావిడ నా భుజం పట్టుకుని, నిన్న బంతి కూడా ఆడిందండీ, నిన్న బంతి ఆడింది అంటూనే ఉంది. ఎవరైనా ఆ మొక్క తెద్దామంటే వద్దని చెప్పు.

నిన్న టీచరమ్మగారింటికి ఫోన్ చేశాను. నీ చేతులు మట్టిలో ఉన్నాయన్నారు. కాసేపటికి నువ్వొచ్చి, బాగున్నానే బాగున్నా అని వీధంతా వినబడేలా అరిచి పెట్టేశావు. ఫోనంటే నీకు భయం పోదా? లిల్లీల మాట అడుగుదామనే చేశాను.

నీ కూతురు


జూన్ 19, ఆదివారం

అమ్మకు,

దణ్ణాలు. టీచరమ్మగారికి ప్రత్యేకంగా నమస్కారాలు.

నీ తరఫున వచ్చిన ఉత్తరం చదివాను. లిల్లీలు ఇంకా పూస్తున్నాయని, చూసినవాళ్ళంతా మెచ్చుకుంటున్నారని, గేటుకి రెండువైపులా సైకస్ కుండీలు పెట్టించారని, కాయలతో ఉన్నవే దొరికాయని తెలిసింది. బ్యాంకాయన కుక్క పోయిందని కూడా తెలిసింది. చాలా స్పష్టంగా రాశారు.

ఆ మర్నాడే మామయ్య పరుపుల వ్యాను వేసుకుని ఇటు వచ్చాడు. ఆసుపత్రి మెట్ల మీద కూచుని, టీ చల్లారిపోతున్నా తాగకుండా అంతా చెప్పాడు. బ్యాంకాయన గేటు దగ్గర నిన్ను నిలబెట్టి, రోజూ పాలు పోసే మహాతల్లివి, అందులో ఏం కలుపుతున్నావో చెప్పు అని అడిగాడట. అవి నా టీ పాలు బాబూ, నేను తాగగా మిగిలినవే దానికి పోశాను, నేనింకా చావలేదు చూడు అని నువ్వన్నావట. జనం మూగారట. కుట్టుమెషిన్ అక్క నీ జాకెట్టు గుడ్డ కుట్టకుండానే గోడ మీదినుంచి విసిరేసి, నీ చేత్తో ముట్టుకున్నది నా మెషిన్ మీద పెట్టను అందట. నిన్ను పోలీసులకి అప్పజెప్పాలని ఎవరో అరిచారట.

అప్పుడు టీచరమ్మగారు వరండా మెట్ల మీదికొచ్చి, పోలీసులెందుకు, చదువుకోని మనిషి, తెలియక చేసి ఉంటుంది, నేను మందలిస్తాను అన్నారట. అందరూ ఆవిడ మాట మీద గౌరవంతో వెళ్ళిపోయారట. ఇంకో జంతువు చస్తే మాత్రం ఊరుకోమని వెళుతూ చెప్పారట. మామయ్య నాకు చెప్తూ, పెద్ద మనసు ఆవిడది అన్నాడు. నేను అవునన్నాను.

టీచరమ్మగారూ, మీరు ఆ మాట అన్నందుకు నేను మీకు ఏం రాయాలో తెలియడం లేదు. అన్న మాట మాత్రం ఎప్పటికీ మరిచిపోను.

అమ్మా, నువ్వు ఇక పాలు పోయకు. ఎవరేమన్నా ఎదురు మాట్లాడకు. నీ పని నువ్వు చేసుకుంటూ, మామయ్య వచ్చినప్పుడల్లా ఆయనకి కనబడు.

ఈసారి మొక్కల గురించి ఎక్కువ రాయను. ఒక్కటే చెప్పి ముగిస్తాను. నర్సరీల్లో స్పైడర్ ప్లాంట్ అంటారు. సన్నటి పొడుగాటి ఆకులు, నడుమ తెల్లచార. దారాలకి వేలాడదీసినట్టు చుట్టూ పిల్లమొక్కలు దిగుతాయి. చూడ్డానికి అమాయకంగా ఉంటుంది, పిల్లులకి దాన్ని చూస్తే నోరూరుతుంది, వెతుక్కుంటూ వచ్చి మరీ కొరుకుతాయి. లిల్లీ కంటే, సైకస్ కంటే ఇదే ఘోరం. ఒక్క ఆకు చాలు. కక్కడం కూడా ఉండదు, నిద్రపోయినట్టే పోతాయి, ఏ డాక్టరూ కారణం కనిపెట్టలేడు. కుట్టుమెషిన్ అక్క ఇంకో పిల్లికూనని తెచ్చుకుందని మామయ్య చెప్పాడు. కాబట్టి ఆ మొక్క మన వీధిలోకి రాకుండా చూడు. ఈ ఉత్తరంలో నిజంగా ముఖ్యమైన మాట ఇదే.

నీ కూతురు


ఆగస్టు 14, ఆదివారం

అమ్మకు,

దణ్ణాలు. టీచరమ్మగారికి నమస్కారాలు.

మోకాలు వాచి లేవలేకపోతున్నావని, పదిరోజులు పిన్ని దగ్గరుండి వస్తానని టీచరమ్మగారి దగ్గర సెలవు తీసుకుని మామయ్య వ్యానులో వెళ్ళావని తెలిసింది. మంచి పని చేశావు. పరుపుల మధ్య కూచుని వెళ్ళావట, మహారాణిలా ఉన్నావట. కొత్త పరుపు మీద ప్లాస్టిక్ తియ్యనివ్వలేదని, దారంతా కిచకిచలాడుతూ కూచున్నావని మామయ్య చెప్తుంటే కాంపౌండరు కూడా నవ్వాడు.

నువ్వు తిరిగొచ్చేదాకా ఈ ఉత్తరం టీచరమ్మగారి దగ్గర భద్రంగా ఉంటుందని ఆ చిరునామాకే వేస్తున్నాను. నీకు వినిపించేటప్పుడు తడబడకుండా ఉండాలని ఆవిడ ముందుగా ఒకసారి తనలో చదువుకుంటారు కదా. ఆ అలవాటు ఈసారి నాకు బాగా పనికొచ్చింది.

ఇక్కడి విశేషాలు. గది మారాను. ఈ గదికి రెండు కిటికీలు, ఒకదానికి రెక్క లేదు. డాక్టరమ్మ ఇప్పుడు నన్ను ఆపరేషన్ గదిలోకి కూడా రానిస్తోంది. మొన్న ఒక కుక్క మత్తులోంచి లేస్తూ లేస్తూ కాంపౌండరు చొక్కా పట్టుకుని వదల్లేదు. జీతం పెంచమని ఇది కూడా అడుగుతోందిరా దేవుడా అన్నాడు. ఇలాంటివి రోజుకొకటి.

మామయ్య మీ వీధి మీదుగా వచ్చాడు. తోట పచ్చగా ఉందన్నాడు. కుట్టుమెషిన్ అక్క మేడమెట్ల వైపు గోడ మీద కొత్త కుండీలు వరసగా వేలాడుతున్నాయట. సన్నటి ఆకులు, నడుమ తెల్లచార, దారాలకి కట్టినట్టు పిల్లమొక్కలు. చాలా ముచ్చటగా ఉన్నాయని మామయ్య మెచ్చుకున్నాడు. ఆ మొక్క పేరేమిటో ఆయనకి తెలియదు, నేనూ చెప్పలేదు.

ఆరోగ్యం జాగ్రత్త. పెద్దలందరికీ నా నమస్కారాలు.

నీ కూతురు

తా.క. టీచరమ్మగారూ, ఇక్కడినుంచి మీకే రాస్తున్నాను.

అమ్మ పిన్ని ఇంట్లో లేదు. నా గదిలో, నా మంచం మీద, నా పక్కనే కూచుని ఉంది. మోకాలు కూడా వాయలేదు. మీకలా చెప్పమని మామయ్య చేత కబురు చేసింది నేనే.

చారల ఆకుల మొక్కలో ఏ విషమూ లేదు. పిల్లులు దాన్ని కొరుక్కుతింటాయి, మహా అయితే ఒకసారి కక్కుతాయి. అక్క తెచ్చుకున్న పిల్లికూన మీ కుండీల్లో ఆకులు సగం పీకేసి, శుభ్రంగా మెట్ల మీద గెంతుతోందని మామయ్య కళ్ళారా చూసి వచ్చాడు. అది ఘోరమైన మొక్క అన్న మాట ఏ పుస్తకంలోనూ ఉండదు, ఏ నర్సరీలోనూ ఎవరూ అనరు. నేను కల్పించి ఒక్కసారే, ఒక్క ఉత్తరంలోనే రాశాను. ఆ ఉత్తరం చదివింది మీరొక్కరే. నేను అబద్ధం రాయనని మీకు నమ్మకం. ఆ నమ్మకం మీద మీరు పోయి కుండీలు కొన్నారు. ఎక్కడ వేలాడదీయాలో కూడా చూసుకుని మరీ వేలాడదీయించారు.

మొదట్లో మీరు మరిచిపోయారనుకున్నాను. మీ వయసుని తలుచుకుని జాలిపడ్డాను. నేను ఏది వద్దని రాస్తే అది మీ తోటలో మొలుస్తోందని అర్థమయ్యాకే చారల మొక్క ఉత్తరం రాశాను. నారు తవ్వే పిల్లిని తరమడానికి నీళ్ళ గొట్టం చాలు కదండీ. చావాలని ఎందుకనుకున్నారో నేను అడగను. ఆ చావులకి మా అమ్మ చేతులు వాడుకుని, పదిమందిలో నిలబెట్టి, తెలియక చేసిందని ఆవిడ తరఫున ఒప్పేసుకున్నారు చూడండి, దానికే జవాబు అడుగుతున్నాను. ఇంకొక్క పిల్లి చచ్చుంటే వాళ్ళు అమ్మని వదిలేవాళ్ళు కాదు. ఆ సంగతి మీకు తెలుసు. తెలిసీ ఆ కుండీలు అమ్మ చేతే కట్టించారు.

కుట్టుమెషిన్ అక్కకీ, బ్యాంకాయనకీ విడివిడిగా రాశాను. ఏ మొక్క ఏం చేస్తుందో మా డాక్టరమ్మ సంతకంతో జతచేశాను. వాటిని రెండు రోజుల ముందే పోస్టు చేశాను కాబట్టి, మీరు ఇది చదివేసరికి వాళ్ళు చదివేసి ఉంటారు. గేటు చప్పుడైతే వాళ్ళే. మీరు వాళ్ళకి ఏం చెప్పినా చెప్పండి, అమ్మ పేరు మాత్రం ఎత్తకండి. వచ్చే ఆదివారం అమ్మతో కలిసి నేనూ వస్తున్నాను, అమ్మని నిలబెట్టిన చోటే నిలబడి మాట్లాడతాను.

మీరు నేర్పిన చిత్తు రాసే అలవాటు వల్ల నా ఉత్తరాలన్నీ నా దగ్గరే ఉన్నాయి. నిన్న సాయంత్రం మొదటిదాని నుంచీ అన్నీ అమ్మకి చదివి వినిపించాను, ఒక్క పంక్తీ వదలకుండా. తెల్లపిల్లి దగ్గర అమ్మ నన్ను ఆపింది. ఇది నువ్వెప్పుడు రాశావే అని అడిగింది. జనవరిలో అన్నాను. కాదు, ఆ ఉత్తరంలో పిల్లి లేదు అంది. మరేముంది అని అడిగాను.

నాకు పెద్ద లిల్లీలంటే ఇష్టమని, నేను సెలవకి వచ్చేసరికి గోడవార నిండుగా పూసి ఉండాలని, అవి అమ్మ చేతులతోనే నాటాలని నేను రాసినట్టు మీరు చదివారట. ఇన్నేళ్ళలో బిడ్డ నోరు తెరిచి నన్ను ఒకటి అడిగిందని, ఆ ముక్క మీచేత మళ్ళీ మళ్ళీ చదివించుకుందట. మోకాలు నొప్పి పెడుతున్నా కూచుని, ఒక్కొక్క దుంపా చేత్తోనే నాటిందట. సైకస్ కూడా నేనే అడిగానట. చారల మొక్కలూ నేనే అడిగానట.

ఇదంతా చెప్పి అమ్మ నా మొహంలోకి చూసి, అయితే నువ్వు నన్ను ఏదీ అడగలేదా అంది.